తెర మీద అంతా సవ్యంగానే: స్టక్స్‌నెట్ జీవితకథ

2010 జూన్‌లో బెలారస్ రాజధాని మిన్‌స్క్‌లో ఉన్న వైరస్‌బ్లాక్‌ఆడా అనే చిన్న యాంటీవైరస్ కంపెనీకి ఇరాన్ నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. అక్కడి కంప్యూటర్లు కొన్ని ఉన్నట్టుండి ఆగిపోయి, వాటంతటవే మళ్లీ మళ్లీ మొదలవుతున్నాయి. సెర్గీ ఉలాసెన్ అనే నిపుణుడు, ఆయన సహచరులు వెతికితే ఒక వింత ప్రోగ్రాం బయటపడింది. పెన్‌డ్రైవ్ పెట్టి, అందులో ఏముందో చూద్దామని ఫోల్డర్ తెరిస్తే చాలు, అది కంప్యూటర్‌లోకి దిగిపోతుంది. ఏ ఫైలు మీదా క్లిక్ చేయక్కర్లేదు. దాని డ్రైవర్ ఫైళ్ల మీద తైవాన్‌లోని రియల్‌టెక్ కంపెనీ డిజిటల్ సంతకం ఉంది. సంతకం దొంగిలించినదే అయినా నకిలీది కాదు కాబట్టి విండోస్ అభ్యంతరం చెప్పలేదు. ఆ ప్రోగ్రాంకు తర్వాత స్టక్స్‌నెట్ అనే పేరు స్థిరపడింది.

పరిశోధకులు లోపలికి వెళ్లేకొద్దీ ఆశ్చర్యం పెరిగింది. మైక్రోసాఫ్ట్‌కే ఇంకా తెలియని లోపాల్ని 'జీరో డే'లు అంటారు. దొంగల బజారులో ఒక్కొక్కటీ పెద్ద ధర పలికే సరుకు అది. ఇందులో ఏకంగా నాలుగు వాడారు. అంత ఖర్చుపెట్టి తయారుచేసిన ప్రోగ్రాం బ్యాంకు ఖాతాల జోలికి పోదు, పాస్‌వర్డ్‌ల కోసం చూడదు. సీమెన్స్ కంపెనీ పీఎల్‌సీలను నడిపే స్టెప్ 7 సాఫ్ట్‌వేర్ ఉందా అని మాత్రం వెతుకుతుంది. కర్మాగారాల్లో మోటార్లను, వాల్వులను నడిపించే చిన్న పారిశ్రామిక కంప్యూటరే పీఎల్‌సీ. ఆ సాఫ్ట్‌వేర్ కనిపించకపోతే పక్క కంప్యూటర్లకు పాకడం తప్ప ఇంకేమీ చేయదు. కనిపించినా తొందరపడదు. పీఎల్‌సీకి ఏయే యంత్రాలు తగిలించి ఉన్నాయో లెక్క చూసుకుంటుంది.

సిమాంటెక్ కంపెనీలో ఎరిక్ చియెన్, లియమ్ ఓ మర్కు, నికోలా ఫాలియేర్ నెలల తరబడి కూర్చుని ఆ లెక్కను విప్పారు. ఒక ఫిన్లాండ్ కంపెనీ, ఒక ఇరాన్ కంపెనీ తయారుచేసే ఫ్రీక్వెన్సీ కన్వర్టర్లు, అంటే మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరాలు ఉండాలి. అవి 807 నుంచి 1210 హెర్ట్జ్ మధ్య నడుస్తుండాలి. మోటారును అంత వేగంగా తిప్పాల్సిన పనులు లోకంలో చాలా తక్కువ. హాంబర్గ్‌లో రాల్ఫ్ లాంగ్నర్ బృందం మరో ఆనవాలు పట్టింది. కోడ్‌లో 164 అనే సంఖ్య పదేపదే వస్తోంది. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం కేంద్రంలో సెంట్రిఫ్యూజ్‌లను ఒక్కో వరుసకు 164 చొప్పున అమర్చారు.

ప్రకృతిలో దొరికే యురేనియంలో అణువిచ్ఛిత్తికి పనికొచ్చే యురేనియం-235 పాళ్లు 0.7 శాతమే. దాన్ని పెంచాలంటే యురేనియాన్ని వాయురూపంలోకి మార్చి, నిలువు గొట్టాల్లో పోసి విపరీతమైన వేగంతో తిప్పుతారు. ఆ గొట్టాలే సెంట్రిఫ్యూజ్‌లు. బరువైన అణువులు గోడవైపు జరుగుతాయి, తేలికవి మధ్యకు చేరతాయి. పాల డెయిరీలో మీగడ వేరుచేసే యంత్రం పనిచేసేదీ ఈ సూత్రంతోనే. నతాంజ్‌లోని ఐఆర్-1 రకం గొట్టాలు సెకనుకు వెయ్యిసార్లకు పైగా తిరుగుతాయి. అవి చాలా నాజూకు యంత్రాలు, ఏ దాడీ లేకపోయినా అప్పుడప్పుడు పగులుతూనే ఉండేవి. స్టక్స్‌నెట్‌ను రాసినవాళ్లు దాక్కున్నది సరిగ్గా ఆ బలహీనత చాటున.

పీఎల్‌సీలోకి చేరాక స్టక్స్‌నెట్ వెంటనే ఏమీ చేయదు. కనీసం పదమూడు రోజులు గమనిస్తుంది. ఆ తర్వాత ఒకరోజు ఫ్రీక్వెన్సీని 1410 హెర్ట్జ్‌కు పెంచి పదిహేను నిమిషాలు ఉంచి, మామూలు స్థాయికి దించేస్తుంది. దాదాపు 27 రోజులు ఊరుకుంటుంది. మళ్లీ ఒకసారి 2 హెర్ట్జ్‌కు, అంటే దాదాపు ఆగిపోయేంతగా తగ్గించి యాభై నిమిషాలు అలాగే ఉంచుతుంది. ఆ సమయంలో పీఎల్‌సీలోని అసలు ప్రోగ్రాం నిలిచిపోయి ఉంటుంది కాబట్టి ఆపరేటర్ తెర మీద పాత అంకెలే కనిపిస్తాయి. అనుమానం వచ్చిన ఇంజనీరు పీఎల్‌సీలోని కోడ్ తెరిచి చూసినా, తాను రాసిన కోడే చెక్కుచెదరకుండా దర్శనమిస్తుంది.

ఈ కథలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ భాగమే. యంత్రాలు పగలడం కంటే, ఎదుట ఉన్న మీటరును నమ్మి పనిచేసే మనిషికి నెలల తరబడి తన పనితనం మీద తనకే అనుమానం కలిగేలా చేయడం పెద్ద దెబ్బ. లోహం మంచిది కాదా, బేరింగు తప్పా, బిగించినవాడి పొరపాటా అని వాళ్లు వెతుక్కుని ఉంటారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీ నివేదికల ఆధారంగా వాషింగ్టన్‌లోని ఒక అధ్యయన సంస్థ వేసిన అంచనా ప్రకారం 2009 చివర, 2010 మొదట్లో సుమారు వెయ్యి సెంట్రిఫ్యూజ్‌లను మార్చాల్సి వచ్చింది. సెంట్రిఫ్యూజ్‌లకు సాఫ్ట్‌వేర్ వల్ల ఇబ్బంది కలిగిందని 2010 నవంబరులో ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ ఒప్పుకున్నాడు.

నతాంజ్ నియంత్రణ కంప్యూటర్లకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. అయినా ఎలా చేరింది? ముందు ఇరాన్‌లోని ఐదు సంస్థలకు అంటించారు. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లలో, ల్యాప్‌టాప్‌లలో దానంతటదే దారి చూసుకుంది. ఇలా గురిపెట్టి ఓపిగ్గా సాగించే దాడుల్ని నిపుణులు ఏపీటీ, అంటే అడ్వాన్స్‌డ్ పర్సిస్టెంట్ థ్రెట్ అంటారు. నాలుగు జీరో డేల గురించి అందరూ గొప్పగా చెబుతారు కానీ, ఆ కర్మాగారంలో ఏ పైపు ఎక్కడుందో బయటివాళ్లు తెలుసుకున్న తీరే నాకు అసలు విద్య అనిపిస్తుంది. ఆ పని ఏ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ల వల్లా కాదు. అమెరికా, ఇజ్రాయెల్ కలిసి చేశాయని 2012 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. రెండు ప్రభుత్వాలూ అధికారికంగా ఇప్పటికీ ఒప్పుకోలేదు.

అది గురి దాటి పాకడంతోనే పట్టుబడింది. 2010 సెప్టెంబరు చివరికి లక్ష కంప్యూటర్లకు అంటుకుంది. సగానికి పైగా ఇరాన్‌వి, తర్వాతి స్థానాలు ఇండోనేషియావి, మనవి. 2012 జూన్ 24 తర్వాత వ్యాపించవద్దని దాన్ని రాసినవాళ్లే అందులో తేదీ పెట్టారు. ఈ జాగ్రత్త తర్వాతి దాడుల్లో అందరూ పాటించలేదు. అణుకేంద్రాల కంప్యూటర్లకు ముప్పు ఇరాన్‌తో ఆగలేదు. మన కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలోనూ 2019లో పరిపాలనా విభాగం కంప్యూటర్ ఒకదానిలో వేరే దొంగ ప్రోగ్రాం దొరికింది. అది రియాక్టర్ నియంత్రణ వ్యవస్థ దాకా చేరలేదని న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ ప్రకటించింది.

స్టక్స్‌నెట్ బాల్యం మాత్రం 2013లో గానీ తెలియలేదు. సిమాంటెక్‌కు తన పాత నిల్వల్లో ఇంకా ముందరి రూపం, 0.5, దొరికింది. అది వేగం జోలికి పోదు. వాల్వులు మూసి గొట్టాల్లో ఒత్తిడి పెంచుతుంది, ముందే రికార్డు చేసుకున్న 21 సెకన్ల అంకెల్ని తెర మీద తిప్పితిప్పి చూపిస్తుంది. దానికి ఆదేశాలు పంపేందుకు వాడిన వెబ్ చిరునామాలు 2005 నవంబరులోనే నమోదయ్యాయి. ఆ ఫైలును ఎవరో 2007 నవంబరులోనే వైరస్ అవునో కాదో తేల్చే ఒక బహిరంగ సేవకు పంపారు. అప్పుడు అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.