ఇంటి కంప్యూటర్‌కి ఎంఎస్ ఆఫీస్ కొనాల్సిందేనా? డబ్బులు కట్టే ముందు ఇవి చూసుకోండి

పిల్లల ప్రాజెక్ట్ వర్క్, ఉద్యోగానికి రెజ్యూమె, షాపు లెక్కలు.. ఇంట్లో కంప్యూటర్ ఉంటే వర్డ్, ఎక్సెల్‌తో పని పడుతూనే ఉంటుంది. తీరా ఓపెన్ చేస్తే సబ్‌స్క్రిప్షన్ తీసుకోమని మెసేజ్ వస్తుంది. కంప్యూటర్ షాపులో అడిగితే పెన్‌డ్రైవ్‌లో ఉన్న కాపీ వేసిస్తామంటారు. ఆన్‌లైన్‌లో అయితే కొన్ని వందలకే 'లైఫ్‌టైమ్ కీ' అంటూ ప్రకటనలు. ఇంతకీ ఇంటి కంప్యూటర్‌కి ఏది సరిపోతుంది? దేనికి డబ్బులు పెట్టాలి? ఏది ఫ్రీగా వస్తుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మీ ల్యాప్‌టాప్‌లోనే ఉందేమో చూడండి

మన దగ్గర అమ్మే చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లతో ఆఫీస్ లైసెన్స్ కూడా కలిపే ఇస్తున్నారు. బిల్లు మీద, డబ్బా మీద లేదా కొన్న వెబ్‌సైట్‌లోని వివరాల్లో 'ఆఫీస్ హోమ్' లేదా 'ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్' అని ఉందేమో చూడండి. ఉంటే దాని డబ్బులు ల్యాప్‌టాప్ ధరలోనే కట్టేసినట్టు. కొందరు ఈ సంగతి తెలియక మళ్లీ కొంటుంటారు. అయితే 'మైక్రోసాఫ్ట్ 365 ట్రయల్' అని మాత్రమే ఉంటే అది కొన్నాళ్ల ముచ్చటే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఆఫీస్‌ని ఏ మెయిల్‌తో యాక్టివేట్ చేస్తే లైసెన్స్ ఆ మెయిల్‌కే ముడిపడుతుంది. షాపు కుర్రాడు తన మెయిల్‌తో లాగిన్ అయి చేసేస్తే, రేపు విండోస్ మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడేది మీరే. అందుకే సొంత మెయిల్, సొంత పాస్‌వర్డ్‌తోనే చేయించుకోవాలి. యాక్టివేషన్‌కి గడువు కూడా ఉంటుంది కాబట్టి తర్వాత చూద్దాంలే అనుకోవద్దు.

ఇంట్లో కాలేజీ పిల్లలుంటే, కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో ఆఫీస్ ఫ్రీగా వస్తుందేమో కనుక్కోండి. చదువు అయిపోయాక ఆ అకౌంట్ ఆగిపోవచ్చు. ఫైళ్లు ముందే వేరేచోట దాచుకోవాలి.

కొనాలంటే రెండు దారులు

మొదటిది మైక్రోసాఫ్ట్ 365. ఇది నెలకో, ఏడాదికో కట్టే చందా. పర్సనల్ ప్లాన్ ఒక్కరికి. ఫ్యామిలీ ప్లాన్‌ని 6 మంది వరకు వాడుకోవచ్చు. ఒక్కొక్కరికి 1 టీబీ ఆన్‌లైన్ స్టోరేజ్ వస్తుంది. చందా ఆపేస్తే ఫైళ్లు ఆ రోజే మాయమైపోవు. ఓపెన్ చేసి చూడొచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. కొత్త ఫైల్ తయారు చేయడం, ఉన్నదాంట్లో మార్పులు చేయడం మాత్రం కుదరదు. 2025 జనవరి నుంచి ఈ ప్లాన్లలో కోపైలట్ ఏఐని కలిపారు, దాంతోపాటు ధరా పెంచారు. ఏఐ అక్కర్లేదనుకునే పాత చందాదారులు రెన్యువల్‌కి ముందు 'క్లాసిక్' ప్లాన్ ఆప్షన్ ఉందేమో చూసుకోవాలి.

రెండోది ఆఫీస్ 2024. ఒక్కసారి డబ్బు కడితే ఒక కంప్యూటర్‌కి. హోమ్ వెర్షన్‌లో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, వన్‌నోట్ ఉంటాయి. ఔట్‌లుక్ కూడా కావాలంటే 'హోమ్ అండ్ బిజినెస్' తీసుకోవాలి.

లైఫ్‌టైమ్ అనే మాటను కాస్త జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఎన్నాళ్లయినా పనిచేస్తుంది కానీ సెక్యూరిటీ అప్‌డేట్లకు ఆఖరి తేదీ ఉంటుంది.

- ఆఫీస్ 2016, 2019: 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగిసింది
- ఆఫీస్ 2021: 2026 అక్టోబర్ 13 వరకు
- ఆఫీస్ 2024: 2029 అక్టోబర్ 9 వరకు

అంటే ఆఫీస్ 2019 చౌకగా ఇస్తామని ఎవరైనా అంటే, అది కాలం చెల్లిన సరుకే.

రూపాయి కట్టకుండా నాలుగు ఆప్షన్లు

- బ్రౌజర్‌లో వర్డ్, ఎక్సెల్: మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే చాలు, క్రోమ్ లేదా ఎడ్జ్‌లో వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ ఫ్రీగా వాడుకోవచ్చు. 5 జీబీ స్టోరేజ్ ఇస్తారు. ఫీచర్లు కొన్ని తక్కువ. నెట్ తప్పనిసరి.

- గూగుల్ డాక్స్, షీట్స్: జీమెయిల్ ఉన్నవాళ్లకి ఇది ఇప్పటికే ఉన్నట్టే. ఫోన్‌లో మొదలుపెట్టిన పని కంప్యూటర్‌లో పూర్తి చేయొచ్చు. 15 జీబీ స్టోరేజ్ ఉన్నా, అది జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపి. ఫోన్ ఫొటోలతో అది నిండిపోతే మెయిళ్లూ ఆగిపోతాయి.

- జోహో: చెన్నై కేంద్రంగా నడిచే మన దేశ కంపెనీ. రైటర్, షీట్, షో అనే మూడు యాప్‌లు వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ చేసే పనులే చేస్తాయి. 2025 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను వీటికి మారుతున్నట్టు ప్రకటించడంతో ఈ పేరు బాగా వినిపించింది.

- లిబ్రేఆఫీస్: నెట్ లేకపోయినా పనిచేసే పూర్తి ఆఫీస్ ప్యాకేజీ. అకౌంట్ అడగదు, చందా లేదు, ప్రకటనలు రావు. ఓపెన్ఆఫీస్ నుంచి 2010లో విడిపోయిన ఈ ప్రాజెక్టుని డాక్యుమెంట్ ఫౌండేషన్ నడుపుతోంది. విండోస్, మ్యాక్, లినక్స్.. మూడింటిలోనూ వస్తుంది. కానీ 25.8 వెర్షన్ నుంచి విండోస్ 7, 8లో పనిచేయదు. డౌన్‌లోడ్ మాత్రం అధికారిక సైట్ లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్ నుంచే చేసుకోవాలి.

లిబ్రేఆఫీస్ మామూలుగా ఫైల్‌ని ఓడీటీ ఫార్మాట్‌లో సేవ్ చేస్తుంది. అవతలివాళ్లు వర్డ్ వాడుతుంటే సేవ్ చేసేటప్పుడు డాక్ఎక్స్ ఎంచుకోవాలి. ప్రతిసారీ ఎందుకనుకుంటే ఆప్షన్స్‌లోని 'లోడ్/సేవ్' విభాగంలో ఒక్కసారి మార్చి పెట్టుకుంటే సరిపోతుంది.

ఎక్కడ తేడా కొడుతుంది?

ఉత్తరం, రెజ్యూమె, ఇంటి ఖర్చుల పట్టిక, స్కూల్ పీపీటీ.. వీటికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ హాయిగా సరిపోతుంది. చిక్కు వచ్చేది మూడు చోట్ల.

మొదటిది మ్యాక్రోలు. ఎక్సెల్ షీట్‌లో బటన్ నొక్కితే దానంతట అదే లెక్క కట్టే చిన్న ప్రోగ్రామ్‌లను మ్యాక్రోలు అంటారు. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీలు, జీఎస్టీ వార్షిక రిటర్న్ జీఎస్టీఆర్-9 ఆఫ్‌లైన్ టూల్ ఇలా పనిచేసేవే. ఇవి గూగుల్ షీట్స్‌లో నడవవు. లిబ్రేఆఫీస్‌లోనూ సరిగ్గా నడుస్తాయన్న భరోసా లేదు. ఇంటి నుంచే రిటర్నులు వేసేవాళ్లకి అసలైన ఎక్సెల్ ఉండటమే మంచిది.

రెండోది డిజైన్. టేబుళ్లు, బొమ్మలు ఎక్కువున్న వర్డ్ ఫైల్‌ని వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే లైన్లు జరగొచ్చు, పేజీలు పెరగొచ్చు. అవతలివాళ్లు మార్పులు చేయాల్సిన పని లేకపోతే పీడీఎఫ్ పంపేయండి. గొడవే ఉండదు.

మూడోది పరీక్షలు. ఏపీపీఎస్సీ లాంటి పరీక్షల్లో కొన్ని పోస్టులకి కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ ఉంటోంది. నోటిఫికేషన్‌లో ఏ సాఫ్ట్‌వేర్ అని రాస్తే దాంట్లోనే ప్రాక్టీస్ చేయాలి. మెనూలు ఎక్కడున్నాయో వెతుక్కుంటే పరీక్షలో టైమ్ పోతుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లు ఇది గమనించాలి

డీటీపీ సెంటర్‌లో చేయించిన పాత తెలుగు ఫైల్ ఇంట్లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయా? తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైల్‌లో లోపల ఉండేవి వేరే అక్షరాల కోడ్‌లు. వాటిని తెలుగులా చూపించేది ఆ ఫాంటే. ఫాంట్ లేకపోతే తెలుగూ లేదు. ఎంత ఖరీదైన ఆఫీస్ కొన్నా ఇదే పరిస్థితి.

అందుకే కొత్తగా చేసే ప్రతి ఫైల్‌నీ యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. విండోస్‌లో తెలుగు కీబోర్డ్, నిర్మల ఫాంట్ ముందే ఉంటాయి. మండలి, సురన్న, రామభద్ర లాంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఫ్రీగా దొరుకుతాయి. టైపింగ్ రానివాళ్లకి గూగుల్ డాక్స్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది. మీరు మాట్లాడుతుంటే అదే టైప్ చేస్తుంది. తర్వాత తప్పులు దిద్దుకుంటే చాలు.

క్రాక్ కాపీ.. ఎందుకు వద్దు?

క్రాక్ చేసిన ఆఫీస్ వేసేటప్పుడు 'ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి' అంటారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఆ యాక్టివేటర్‌తో పాటు ఇంకేం లోపలికి వచ్చిందో తెలుసుకునే దారి ఉండదు. అదే కంప్యూటర్‌లో బ్యాంక్ లాగిన్లు, ఆధార్ స్కాన్‌లు, పిల్లల ఫొటోలు ఉంటాయి. పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్వేర్, ఫైళ్లన్నీ లాక్ చేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ ఇలాంటి దారుల్లోనే చొరబడతాయి.

చట్టం కూడా ఊరుకోదు. కాపీరైట్ చట్టం 1957లోని 63బి సెక్షన్ ప్రకారం, పైరేటెడ్ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడొచ్చు. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు జైలు శిక్ష లేకుండా రూ.50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలుంది. షాపు లెక్కలకి వాడితే ఆ వెసులుబాటు ఆశించడం కష్టం.

కొన్ని వందలకే దొరికే 'లైఫ్‌టైమ్ కీ'లదీ దాదాపు ఇదే కథ. చాలావరకు ఇవి సంస్థల పేరుతో తీసుకున్న లైసెన్సులు. మైక్రోసాఫ్ట్ బ్లాక్ చేస్తే డబ్బులు పోయినట్టే.

ఎవరికి ఏది?

- స్కూల్ పిల్లలు, ఇంటి అవసరాలు: గూగుల్ డాక్స్ లేదా లిబ్రేఆఫీస్
- నెట్ సరిగ్గా రాని ఊరు: లిబ్రేఆఫీస్
- ఇంటి నుంచి ట్యాక్స్, జీఎస్టీ పని: ఆఫీస్ 2024
- ఇంట్లో నలుగురైదుగురు, తలా ఒక డివైజ్: మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ
- పరీక్షలకి ప్రిపేర్ అయ్యేవాళ్లు: నోటిఫికేషన్‌లో చెప్పిన సాఫ్ట్‌వేర్

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. మీ దగ్గరున్న ఫైళ్లలో బాగా పెద్దది, బాగా చిక్కుగా ఉన్నది ఒకటి తీసుకోండి. దానికో కాపీ పెట్టుకుని, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఒక వారం పని చేసి చూడండి. సాఫీగా సాగితే డబ్బులు మిగిలినట్టే. ఎక్కడైనా ఆగిపోతే, ఏ పని కోసం డబ్బులు పెడుతున్నారో మీకే స్పష్టంగా తెలుస్తుంది.