త్రికోణమితి పాఠానికి ముందు నీడకర్రతో నాలుగు రోజులు

కంబదూరు: పదో తరగతి గణితంలో త్రికోణమితి అనగానే చాలామంది విద్యార్థినీ విద్యార్థులకు గుండె జారిపోతుంది. సైన్, కాస్, టాన్ అనే కొత్త పేర్లనూ, డిగ్రీల పట్టికనూ, సూత్రాలనూ బట్టీపట్టి గట్టెక్కుదామని చూస్తారు. నిజానికి ఈ పాఠంలో కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే. వెనుకటి పాఠాలు వచ్చి ఉంటే ఇది సులువుగా నడుస్తుంది. అవి రాకుంటే పట్టిక ఎంత వల్లెవేసినా లెక్క ముందుకు సాగదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్ట ప్రాంతంలో మరో చిక్కు కూడా ఉన్నది. అక్టోబరు, నవంబరు నెలల్లో వేరుశనగ పీకేటప్పుడు ఇంటిల్లపాదీ పొలంలోనే ఉంటారు. పని కోసం బెంగళూరు వలస వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. ఆ రోజుల్లో బడి మానిన పిల్లకు సరూప త్రిభుజాల పాఠం తప్పిపోతే, తర్వాత వచ్చే త్రికోణమితి అయోమయంగా తోస్తుంది. తప్పిన పాఠం ఏదో ఆ పిల్లకూ తెలియదు, ఇంట్లో వారికీ తెలియదు. “దీనికి లెక్కలు రావు” అన్న మాట మాత్రం స్థిరపడిపోతుంది.

ముందుగా చూసుకోవలసినవి

పాఠం మొదలు కాకముందే నాలుగు విషయాలు సరిచూసుకోవాలి. మొదటిది భిన్నాలు, నిష్పత్తి. రెండవది లంబకోణ త్రిభుజం, పైథాగరస్ సిద్ధాంతం. ఇల్లు కట్టే మేస్త్రీ పునాది మూల సరిచూసేటప్పుడు ఒక వైపు 3 అడుగులు, మరో వైపు 4 అడుగులు గుర్తుపెట్టి, వాటి మధ్య 5 అడుగులు వస్తున్నదా అని కొలుస్తాడు. వస్తే ఆ మూల సరిగ్గా 90 డిగ్రీలు. ఈ సిద్ధాంతం ఆయన చేతిలో నిత్యం ఉన్నదే. మూడవది సరూప త్రిభుజాలు. నాలుగవది వర్గమూలాలు: రెండుకు 1.414, మూడుకు 1.732.

నీడ చెప్పే లెక్క

మూడవ విషయం అర్థం కావడానికి ఒక మీటరు కర్ర, కొలత టేపు చాలు. ఉదయం ఎండ వచ్చాక చదునైన నేల మీద కర్రను నిటారుగా నిలిపి నీడ కొలవాలి. అది 1.5 మీటర్లు ఉన్నదనుకుందాం. అదే సమయంలో దగ్గరలోని కరెంటు స్తంభం నీడ 12 మీటర్లు ఉంటే, స్తంభం ఎత్తు 8 మీటర్లు. స్తంభాన్ని ముట్టుకోవలసిన పనే లేదు.

ఇక్కడ గమనించవలసింది ఒకటి. కర్ర ఎత్తును దాని నీడతో భాగించినా, స్తంభం ఎత్తును దాని నీడతో భాగించినా వచ్చేది మూడింట రెండు వంతులే. కోణం మారనంత వరకు ఆ నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తికే టాన్ అని పేరు. అప్పుడు సూర్యుడు ఇంచుమించు 34 డిగ్రీల ఎత్తున ఉన్నట్టు. సైన్, కాస్ కూడా ఇటువంటి నిష్పత్తులే. వాటిలో భాగించేది కర్ణంతో.

కంబదూరు సుమారు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున ఏప్రిల్ నెలాఖరులోనూ, ఆగస్టు నడుమనూ మధ్యాహ్నం పన్నెండుంబావు దాటాక సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అప్పుడు నిటారు కర్రకు నీడే పడదు. ఉదయం, సాయంత్రమే ఈ కొలతకు అనువైన వేళలు.

ఎండ లేనప్పుడు కోణమానిని ఉపయోగపడుతుంది. దాని నడిమి బిందువు నుంచి దారానికి చిన్న రాయి వేలాడదీసి, తిన్నని అంచు వెంట నీళ్ల ట్యాంకు పైకొసను చూడాలి. అంచు సమతలంగా ఉంటే దారం 90 మీద నిలుస్తుంది. పైకి ఎత్తినకొద్దీ జరిగిన డిగ్రీలే ఊర్ధ్వకోణం. అది 45 అయ్యే చోట నిలబడితే, ట్యాంకుకు ఉన్న దూరానికి కంటి ఎత్తు కలిపితే మొత్తం ఎత్తు వస్తుంది. సూర్యుని వైపు మాత్రం ఇలా చూడరాదు.

ఆర్యభటుని నుంచి గుత్తి దాకా

ఈ విద్య మనకు పరాయిది కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే మూడు ముప్పావు డిగ్రీలకొకటి చొప్పున 24 జ్యా విలువలు ఉన్నాయి. జ్య అంటే వింటినారి. ఆ మాటే అరబ్బీలోకి వెళ్లి, అక్కడ వేరుగా చదవబడి, లాటిన్‌లో సైనస్‌గా మారి, సైన్ పేరుతో తిరిగి మన బడికి వచ్చింది.

1802 ఏప్రిల్‌లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ దేశాన్ని కొలిచే మహా సర్వే ఆరంభించాడు. 1811లో మన జిల్లాలోని గుత్తి దగ్గర కూడా ఒక ఆధార రేఖను గొలుసుతో కొలిచారు. గొలుసు పట్టినది ఇటువంటి ఆధార రేఖలకే. ఆపైన కొండ నుంచి కొండకు కోణాలు చూసి, మిగిలిన దూరాలన్నీ త్రికోణమితితోనే కట్టారు.

పెద్దలు చేయదగినది

పాలిటెక్నిక్ ప్రవేశానికి జరిగే పాలిసెట్‌లో 120 మార్కులకు 50 గణితానివే. కనుక పంట పనుల్లో బడి తప్పిన పిల్లల చేత, తప్పిన పాఠాలేవో ఉపాధ్యాయులను అడిగి రాయించుకోవడం తల్లిదండ్రులకు మేలు. చదువు రాని వారైనా నీడ కొలిచేటప్పుడు టేపు రెండో కొస పట్టుకోగలరు.

పాఠానికి ముందు రాత్రి 3, 4, 5 సెంటీమీటర్ల త్రిభుజం గీసి, అందులోని చిన్న కోణానికి సైన్ 3/5, కాస్ 4/5, టాన్ 3/4 అని చూడకుండా చెప్పగలగాలి. మొదటి రెండింటి వర్గాలు కలిపితే ఒకటి ఎందుకు వస్తున్నదో కూడా చెప్పగలిగితే, ఆ విద్యార్థి పాఠానికి సిద్ధమైనట్టే.