వరి కోసిన మడిలో జొన్న

డిసెంబరులో గుడివాడ నుంచి బందరు వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా వరి కోతలే కనిపిస్తాయి. ఒక మడిలో కోత యంత్రం తిరుగుతుంటుంది. పక్క మడిలో పనలు ఆరుతుంటాయి. ఆ పక్కనే కోసేసిన మడిలో మోళ్ల మధ్య మినుము రెండాకులు వేసి ఉంటుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే తడి నేల మీద చల్లిన విత్తనం అది. దుక్కి ఉండదు, నీరు పెట్టడం ఉండదు. నల్లరేగడిలో మిగిలిన తేమ, తెల్లవారుజామున కురిసే మంచు, ఈ రెండింటితోనే పంట చేతికొస్తుంది. కృష్ణా డెల్టా రైతులు తరతరాలుగా సాగుచేస్తున్న ఈ పద్ధతి బయటివాళ్లకు ఇప్పటికీ వింతే.

మినుముకు అదునైన రోజులు మాత్రం చాలా తక్కువ. డిసెంబరు దాటితే అది అంత బాగా రాదు. మరి అప్పటికి వరి కోయలేని రైతు సంగతేమిటి? ఆ ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఇచ్చిన జవాబుల్లో జొన్న ఒకటి. మెట్ట పంటగా, రాయలసీమ, తెలంగాణ రొట్టెల పంటగా మనకు తెలిసిన జొన్న వరి మాగాణిలోకి ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఇక్కడి నీటి కథ తెలియాలి.

విజయవాడ దగ్గర కృష్ణపై తొలి ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి బయలుదేరిన కాలువలు గుడివాడ, బందరు పొలాలను తడుపుతూ సముద్రం వైపు సాగుతాయి. పులిగడ్డ దగ్గర నది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య సముద్రం దాకా ఉన్న నేలే దివిసీమ. చుట్టూ నదీ సముద్రమూ ఉన్నా సాగునీరు మాత్రం పులిగడ్డ అక్విడక్టు మీదుగా, నది పాయను పైనుంచి దాటుకుని రావాలి. కింద నది, దాని మీద కాలువ! అక్కడ ఆగి చూడని ప్రయాణికుడు ఉండడు.

అరవై కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చే నీరు శివారు భూములకు అందరికంటే ఆలస్యంగా చేరుతుంది. నీరు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే కోతలు ఆలస్యం. పైగా డెల్టాలో పేరుపొందిన సాంబమసూరి, అంటే బాపట్ల పరిశోధన కేంద్రం 1980లలో అందించిన బీపీటీ 5204, దాదాపు 150 రోజుల పంట. కాలువ మొదట్లో ఉన్న రైతు మినుము చల్లుకునే వేళకు శివారు రైతు పొలంలో వరి ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఎకరం, రెండెకరాల వాళ్లకు రెండో పంట పోతే ఆ ఏటి మిగులు పోయినట్లే. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు. కౌలు కట్టి సాగుచేసేవారికైతే చాలాచోట్ల రెండో పంటే బతుకుతెరువు.

అదునులో చల్లిన మినుముకూ కష్టాలు తప్పవు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు చేనంతా పసుపు చేస్తుంది. వేళ్లూ ఆకులూ లేని బంగారు తీగ మొక్కలను చుట్టేసి సారం పీల్చేస్తుంది. ఘంటసాలలోని ఆచార్య ఎన్‌.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానం, గుంటూరు దగ్గరి లాం కేంద్రం ఏళ్ల తరబడి ఇలాంటి సమస్యల మీదే పనిచేస్తున్నాయి. లాం నుంచి వచ్చిన ఎల్‌బీజీ 17ను రైతులు ‘కృష్ణయ్య’ అని పిలుచుకున్నారు. ఘంటసాల తన పేరు మీదే జీబీజీ 1 మినుమును ఇచ్చింది. బందరులోని పరిశోధన స్థానం ఉప్పు నేలలను తట్టుకునే ఎంసీఎం 100, ఎంసీఎం 103 వంటి వరి రకాలను రూపొందించింది.

ఘంటసాలకు ఇంకో ఘనత ఉంది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలమీ ‘కంటకోసిల’ అని రాసిన వర్తక పట్టణం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్వించి, ఆ వివరాలను 1894లో గుడివాడ, భట్టిప్రోలు విశేషాలతో కలిపి ప్రచురించాడు. సరుకులూ నావికులూ దిగిన ఆ ఊరి నేల మీద ఇప్పుడు విత్తనాల పరీక్షలు సాగుతున్నాయి.

జొన్న కూడా దూరం నుంచి వచ్చినదే. ఈశాన్య ఆఫ్రికాలో సాగులోకి వచ్చి, వేల ఏళ్ల కిందటే మన దేశం చేరింది. ఆకుల మీద మైనపు పూత ఉంటుంది. నీరు దొరకని రోజుల్లో ఎదుగుదల ఆపుకుని, తడి తగలగానే మళ్లీ లేస్తుంది. హైదరాబాదు శివారులోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు నిధిలో ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన 37 వేలకు పైగా జొన్న నమూనాలు చలిగదుల్లో భద్రంగా ఉన్నాయి. ఏ తెగులుకు ఏ నమూనాలో విరుగుడు దొరుకుతుందోనని శాస్త్రవేత్తలు వాటిని వెతుకుతూనే ఉంటారు.

జొన్నలో సంకర విత్తనం తయారైన తీరు ఒక అద్భుతం. ఒక కంకిలో వేలాది చిన్న పూలు. గింజ కట్టే ప్రతి పువ్వులోనూ ఆడ, మగ భాగాలు కలిసే ఉంటాయి. చేత్తో మగ భాగాలను తీసి ఎకరాలకు సరిపడా విత్తనం తయారు చేయడం జరిగే పని కాదు. పుప్పొడి పనిచేయని తల్లి మొక్కలను 1954లో టెక్సాస్ శాస్త్రవేత్తలు స్టీఫెన్స్, హాలండ్ వెలుగులోకి తెచ్చారు. వాటి పక్కన వేరే రకాన్ని నాటితే గాలే పుప్పొడిని చేరవేస్తుంది. ఈ దారిలోనే మన తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్ 1 1964లో విడుదలైంది. దేశంలో సంకర జొన్నలకు బాట వేసినవారిలో తెలుగు శాస్త్రవేత్త నీలంరాజు గంగాప్రసాదరావుది ముందు వరసలో నిలిచే పేరు. రాజేంద్రనగర్‌లోని జొన్న పరిశోధన సంస్థే నేటి భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ.

అక్కడి శాస్త్రవేత్తలను డెల్టా రైతులే ఆశ్చర్యపరిచారు. కృష్ణకు కుడివైపున, తెనాలి చుట్టుపక్కల మాగాణుల్లో మినుము దెబ్బతిన్న రైతులు వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న, జొన్న వేయడం మొదలుపెట్టారు. శాస్త్రవేత్తలు వచ్చి చూశారు, కొలిచారు, రైతుల పొలాల్లోనే ప్రయోగాలు చేశారు. జొన్న దిగుబడి దేశ సగటున హెక్టారుకు టన్ను చుట్టుపక్కల ఉంటే, ఈ మాగాణుల్లో 6 టన్నులు దాటింది. అంటే ఎకరాకు దాదాపు 24 క్వింటాళ్లు. వానకాలం పంటను పాడుచేసే గింజ బూజు తెగులు బెడద ఎండల్లో పండే ఈ పంటకు లేదు కాబట్టి గింజ తెల్లగా, శుభ్రంగా వస్తుంది.

పద్ధతి తేలికే. వరి కోసిన వెంటనే, నేలలో తేమ ఆరకముందే మోళ్ల మధ్య తాడు పట్టి, కర్రతో చిన్న గుంత చేసి గింజ వేస్తారు. వరుసల మధ్య 45 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 12 సెంటీమీటర్లు వదిలితే ఎకరాకు దాదాపు 75 వేల మొక్కలు నిలుస్తాయి. దుక్కి ఖర్చు తప్పుతుంది, దున్నడానికి పట్టే రోజులు కలిసొస్తాయి. ఆ రోజులే శివారు రైతుకు ప్రాణం. రెండు మూడు తడులు, వేళకు ఎరువు, మొదట్లో కలుపు అదుపు ఉండాలి. ఆలస్యంగా విత్తితే మొవ్వు ఈగ పట్టుకుంటుంది. కోత తర్వాత మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో నాము అనే విషం ఉంటుంది, పశువులను అటు తోలకూడదు. ఎండిన చొప్ప మాత్రం పాడిగేదెలకు వరిగడ్డి కంటే మంచి మేత.

కృష్ణకు ఎడమవైపున ఇప్పటికీ మినుముదే పైచేయి. క్వింటా మద్దతు ధర 2025–26లో మినుముకు 7,800 రూపాయలు, సంకర జొన్నకు 3,699 రూపాయలు. ధర సగం కంటే తక్కువ కాబట్టి జొన్న దిగుబడి రెట్టింపు దాటితే తప్ప రైతు దానివైపు చూడడు. అదునులో వరి కోసే పొలానికి మినుమే మేలు. నీరు ఆలస్యమయ్యే చోట, ఉప్పు పైకి తేలే చోట మాత్రం జొన్నను లెక్కలోకి తీసుకోవాలి.

ఆ ఉప్పు లెక్క కూడా చూద్దాం. మట్టి నుంచి తీసిన నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలిస్తే ఉప్పు ఎంతుందో తెలుస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పట్టికల ప్రకారం మీటరుకు 1.7 డెసీసీమెన్స్ దాటితే మొక్కజొన్న దిగుబడి తగ్గడం మొదలవుతుంది. వరికి ఆ హద్దు 3. జొన్నకు 6.8. 1977 నవంబరు 19న ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలను బలిగొని, సముద్రాన్ని పొలాల మీదికి తెచ్చిన దివిసీమకు ఈ అంకెల విలువ వేరే చెప్పాలా? ఇక్కడ చాలాచోట్ల భూగర్భజలం ఉప్పగానే ఉంటుంది. కాలువ నీరు ఆపేశాక జొన్నకు కావాల్సిన ఆ రెండు మూడు తడులు ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు చిక్కు.

చూడాలనుకునేవారికి ఫిబ్రవరి మంచి కాలం. మినుము కాయ పట్టి ఉంటుంది, జొన్న నిలువెత్తు ఎదుగుతుంటుంది. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు రైలుంది. బందరు నుంచి చల్లపల్లి వైపు బస్సులో వెళ్తే ఘంటసాల దగ్గరే. స్తూపం చూసి, పనివేళల్లో అక్కడి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లవచ్చు. మట్టి నమూనా సంచిలో పట్టుకెళ్తే ఇంకా మంచిది. అక్కడి నుంచి పులిగడ్డ, అవనిగడ్డ మీదుగా కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దాకా సాగవచ్చు.

ఘంటసాల మినుము, బందరు వరి, తెనాలి రైతుల జొన్న అనుభవం, ఈ మూడూ ఒకే డెల్టాలో ఉన్నాయి. వీటిని కలిపి శివారు రైతు మడిలోనే, అతని నీటితోనే, అతని ఉప్పు నేల మీదే పరీక్షించాలి. దివిసీమలోని నాగాయలంక, కోడూరు రైతుకు జనవరిలో ఏం విత్తాలో ధైర్యంగా చెప్పగలిగిన రోజున ఈ పరిశోధన తన పని పూర్తి చేసినట్లు.