పొట్టలో పైపు పదిలంగా ఉండాలంటే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ కేంద్రానికి వెళ్లిరావడమే బతుకైపోయింది. ఇంటి దగ్గరే చేసుకోగల డయాలిసిస్ ఇంకొకటి ఉందని వాళ్లలో ఎందరికి తెలుసు? పేగుల్ని కప్పి ఉండే పెరిటోనియం అనే పల్చటి పొరే అందులో జల్లెడ. గ్లూకోజు కలిసిన ద్రవాన్ని సుమారు 2 లీటర్లు పొట్టలోకి ఎక్కించి, 4 నుంచి 6 గంటలు ఉంచి దించేస్తారు. రక్తంలోని మలినాలూ, ఎక్కువైన నీరూ దాంతోపాటు బయటికొస్తాయి. రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా బ్యాగు మార్చుకోవాలి. ఇదంతా నడిచేది ఒక్క సిలికాన్ పైపు మీద.

ఒకప్పుడు డయాలిసిస్ చేసిన ప్రతిసారీ పొట్టకు కొత్తగా రంధ్రం పెట్టేవారు. 1968లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ హెన్రీ టెంకాఫ్ మెత్తటి పైపుకు డాక్రాన్ అనే బట్టతో చేసిన రెండు పట్టీలు తొడిగి ఆ బాధ తప్పించాడు. ఒక పట్టీ పొట్ట కండరంలో ఉంటుంది, రెండోది చర్మం కింద. వాటిలోకి కండ అల్లుకుపోయి పైపు కదలదు, క్రిములు లోపలికి పాకవు. నేటికీ ఎక్కువగా వాడేది ఆ నమూనానే.

పైపును ఆపరేషన్ చేసి గానీ, లాపరోస్కోపీతో గానీ, మత్తు సూది ఇచ్చి తీగ సాయంతో గానీ వేస్తారు. ఏ పద్ధతిలో వేసినా దాని కొస పొత్తికడుపు అడుగుకు చేరాలి. పైపు బయటికొచ్చే రంధ్రం పక్కకో కిందికో తిరిగి ఉండాలి. పైకి తిరిగితే చెమట, స్నానం నీళ్లు అందులో నిలుస్తాయి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఆపరేషన్‌కు ముందే జరగాలి. రోగిని నిలబెట్టి, కూర్చోబెట్టి చూసి గుర్తు పెట్టాలి. చీర కుచ్చిళ్లు దోపుకునే చోట, లుంగీ ముడి పడే చోట, పొట్ట మడత పడే చోట రంధ్రం రాకూడదు. రోగి తల వంచితే తన కంటికి కనబడాలి. కనబడని పుండును ఎవరు శుభ్రం చేసుకుంటారు?

పైపు వేశాక వీలైతే రెండు వారాలు ఆగి పూర్తి డయాలిసిస్ మొదలుపెడతారు. తొందరపడితే పక్కనుంచి నీరు కారుతుంది. ద్రవం సరిగ్గా దిగకపోతే పైపు పాడైందని కంగారు పడనక్కర్లేదు, చాలాసార్లు కారణం మలబద్ధకమే. నిండిన పేగు పైపు కొసను పక్కకు నెట్టేస్తుంది. విరేచనం సాఫీగా అయితే చాలామందికి ధార మళ్లీ మామూలవుతుంది. ఒక్కోసారి పేగుల మీది కొవ్వు పొర పైపుకు చుట్టుకుంటుంది, అప్పుడు సర్జన్ చూడాల్సిందే.

రంధ్రం దగ్గరి పుండు మానాక ఆ చోటును రోజూ శుభ్రం చేసి, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ పూత రాసి, పైపు లాగుడు పడకుండా ప్లాస్టరు అంటించుకోవాలి. బ్యాగు మార్చే ముందు తలుపులు మూసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, సబ్బుతో చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోవాలి. దించిన బ్యాగును దినపత్రిక మీద పెట్టి చూడండి. అక్షరాలు స్పష్టంగా కనబడితే ద్రవం తేటగా ఉన్నట్టే. మసకబారితే, కడుపునొప్పి లేకపోయినా సరే, పెరిటోనియానికి ఇన్ఫెక్షన్ సోకిందనే అనుమానించాలి. ఆ బ్యాగు పారబోయకుండా వెంట తీసుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, తెల్లారేదాకా ఆగకండి.