పిట్ట ముక్కులో ఏముందో చూడాలంటే: హంసలదీవి గట్ల మీద జూమ్ లెన్స్



మినుము చేలో పాతిన టీ కర్ర మీద కూర్చుని ఓ నల్లపిట్ట లద్దెపురుగుని చీల్చుకు తింటున్న వీడియో పెట్టాక, పురుగు గురించి అడిగినవాళ్ల కంటే కెమెరా గురించి అడిగినవాళ్లే ఎక్కువ. "అంత దగ్గరికి ఎలా వెళ్లారండీ?" అని. దగ్గరికి వెళ్లలేదండి. ముప్పై మీటర్ల దూరంలో గట్టు మీద కూర్చున్నాను. దగ్గరికి వెళ్తే ఆ పిట్ట ఎగిరిపోతుంది. ఎగరకపోయినా పురుగుని వదిలేసి మననే చూస్తుంటుంది. టెలిఫోటో జూమ్ లెన్స్‌ని చాలామంది పక్షి దగ్గరికి చేరే సాధనం అనుకుంటారు. నా లెక్కలో అది దూరంగా ఉండటానికి వాడే సాధనం. మనం దూరంగా ఉంటేనే అది తన పని తాను చేసుకుంటుంది. మనకి కావాల్సింది ఆ పనే కదా.

పక్షులు రైతు మిత్రులు అని మీటింగుల్లో అందరం అంటాం. ఏ పిట్ట పురుగు తింటోంది, ఏది గింజ తింటోంది అని అడిగితే మాత్రం సమాధానం తడబడుతుంది. నేనూ అంతే. తోక చీలిన ఈ నల్లపిట్టని ఏట్రింత అంటారు, పసుల పోలిగాడు అని కూడా అంటారు. అది పంట పాడుచేస్తుందని మా పక్క చేను ఆయన కర్రలు పీకేయమన్నాడు. రెండు పొద్దులు కూర్చుని తీశాను. ఇంటికొచ్చి ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ముక్కులో ఏదైనా కనపడ్డ ప్రతిసారీ అది పురుగో, మిడతో, రెక్కల పురుగో. గింజ ఒక్కసారి కూడా లేదు. ఆ వారం నీమాస్త్రం కొట్టాలనుకున్నది ఆపి ఇంకో నాలుగు రోజులు చూశాను.

ఇక దూరం లెక్క. మామూలు ఫోన్ కెమెరాతో ముప్పై మీటర్ల నుంచి తీస్తే ఫోటోలో దాదాపు నలభై మీటర్ల వెడల్పు చేను పడుతుంది. అందులో అడుగు పొడవుండే ఏట్రింత ఒక నల్లచుక్క. ఫోన్‌లో వేళ్లతో లాగి పెద్దది చేస్తే ఆ చుక్కే పెద్ద చుక్క అవుతుంది గానీ ముక్కు కనపడదు. అదే 400 ఎంఎం లెన్స్‌ని ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న కెమెరాకి పెడితే, అదే దూరంలో ఫోటో వెడల్పు 1.8 మీటర్లే. 600 దగ్గర 1.2 మీటర్లు. అంటే పిట్ట ఫోటోలో నాలుగో వంతు ఉంటుంది, పురుగు కాళ్లు కూడా కనపడతాయి.

సిగ్మా, టామ్రాన్ వాళ్ల 150-600, నికాన్ 200-500, సోనీ 200-600 ఇలాంటివి పక్షుల వాళ్లు ఎక్కువగా వాడతారు. బరువు రెండు కిలోల పైమాటే, కాస్త అటూఇటూ. ఖరీదు కూడా తక్కువేం కాదు, చేను మీద అప్పు చేసి కొనేంత అవసరం లేదు. లెన్స్ విడిగా మార్చుకోనక్కర్లేని నికాన్ పీ900 లాంటి కెమెరాలు 83 రెట్లు జూమ్ ఇస్తాయి. వెలుతురు తగ్గితే బొమ్మ గరుకుగా వస్తుంది, ఎగిరే పిట్టని పట్టుకోలేవు. కర్ర మీద కూర్చున్న పిట్టకి మాత్రం చక్కగా సరిపోతాయి.

పొడవు లెన్స్‌తో మొదటి వారం అందరికీ జరిగేది ఒకటే: పిట్ట అసలు కనపడదు. 600 దగ్గర పెట్టి చూస్తే అంతా పచ్చగా ఉంటుంది, ఎక్కడ వెతకాలో తెలీదు. ముందు 150 దగ్గర పెట్టి పిట్టని ఫ్రేములోకి తెచ్చుకుని, అప్పుడు జూమ్ తిప్పండి. జూమ్ లెన్స్ గొప్పతనం అక్కడే. రెండోది వణుకు. పొడవు పెరిగేకొద్దీ చెయ్యి కదలిక కూడా అంతే పెద్దదవుతుంది. ట్రైపాడ్ గట్టు మీద నిలబెట్టడం కష్టం. నేను చేసేది చెప్తా: సగం వరకు ఊక నింపిన చిన్న గోనెసంచి గట్టు మీద వేసి, దానిలో లెన్స్ నొక్కి పెడతాను. ఖర్చు లేదు. పైగా మనం కింద కూర్చుంటాం కాబట్టి కెమెరా పిట్ట కంటి ఎత్తుకి వస్తుంది, బెదురూ తగ్గుతుంది.

కూర్చున్న పిట్టకి షట్టర్ వేగం 1/800 చాలు. ఎగిరేదానికి 1/2000 పెట్టండి. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకుని ఆపుతుంది గానీ పిట్ట రెక్కని ఆపదు, ఇది చాలామంది పొరబడే చోటు. ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. ఫోకస్ కంటి మీద. ఇంకో సంగతి, పచ్చటి వరి ముందు తెల్లకొంగని తీస్తే కెమెరా పచ్చని చూసి వెలుతురు పెంచేస్తుంది, కొంగ సున్నం ముద్దలా వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించాలి. ఆకాశం ముందు నల్ల ఏట్రింతకి దీనికి తిరగేసి, ఒక స్టాప్ పెంచాలి.

ఇప్పుడు హంసలదీవి సంగతి. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణమ్మ పాయ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. కాకి ఇక్కడ మునిగి హంస అయిందని స్థలపురాణం. మాఘ పౌర్ణమికి వేణుగోపాలస్వామి గుడి దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. ఆ రోజుల్లో కెమెరా తీసుకెళ్లి లాభం లేదు. మిగతా రోజుల్లో పాలకాయతిప్ప వైపు బురద మేటల మీద నీటిపిట్టలు దిగుతాయి. ఇక్కడ చేలో పనికొచ్చిన పద్ధతి తిరగబడుతుంది. చేలో మనం కర్రకి గురిపెట్టి కూర్చుంటాం. ఇక్కడ నీరే పిట్టల్ని తెస్తుంది. పాటు మీద పిట్టలు దూరంగా బురదలో మేస్తుంటాయి, ఏ లెన్స్‌కీ అందవు. పోటు ఎక్కేకొద్దీ నీళ్లు వాటిని ఒడ్డు వైపు నెడతాయి. పోటు మొదలవకముందే వెళ్లి కదలకుండా కూర్చుంటే అవే మన వైపు వస్తాయి. వాటి వెనక మనం నడిచామా, గుంపు మొత్తం లేస్తుంది. వేల మైళ్లు ఎగిరొచ్చిన వలసపిట్టకి ఆ ఎగురుడు దండగ ఖర్చు, తిన్న తిండంతా దానికే పోతుంది.

పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు. కాబట్టి ఉదయం సముద్రానికి వీపు పెట్టి మడ అడవి వైపు తీయండి, సాయంత్రం సముద్రం వైపు తీయండి. తొమ్మిది దాటాక సంచి సర్దేయొచ్చు. ఎండకి నేల మీద గాలి సెగలాడుతుంది, దూరపు బొమ్మంతా అలల్లా వస్తుంది. లక్షలు పోసిన లెన్స్ కూడా దాన్ని ఆపలేదు. చాలామంది ఫోకస్ పాడైందనుకుని లెన్స్‌ని తిట్టుకుంటారు.

మడ అడవి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోది. లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అందులో తిరిగే బావురుపిల్లి కోసం జూమ్ లెన్స్ మోసుకెళ్లడం దండగ, అది రాత్రి జంతువు. దానికి చెట్టుకి కట్టే ట్రాప్ కెమెరాలే సరైనవి. జనవరి నుంచి మార్చి దాకా తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల మీద టార్చి, ఫ్లాష్ వేయకండి. అలాగే గూళ్ల జోలికి పోవద్దు. గిజిగాడి గూడు వీడియోకి బాగుంటుందని కొమ్మలు వంచి తీసినవాళ్లని చూశాను. తల్లి తిరిగి రాకపోతే ఆ ఫోటో ఎవరికి?

మా కాలవ పక్క మడిలో ఒకరోజు నత్తగుల్ల కొంగని చూశాను. దూరం నుంచి మామూలు కొంగే. లెన్స్‌లో చూస్తే ముక్కు మూసినా మధ్యలో ఖాళీ కనపడుతుంది. నత్తల్ని పట్టే ముక్కు అది. పిల్లలకి ఆ ఖాళీ ఉండదు, పెరిగాక వస్తుంది. మందు గుళికలు చల్లిన మడిలో నత్తా ఉండదు, దాని వెనక వచ్చే కొంగా ఉండదు.

పిట్టలన్నీ మనకి మేలే చేస్తాయని నేను చెప్పను. వరి పాలు పోసుకునే దశలో అవే కర్రల మీద జీనువాయిలు వచ్చి వాలాయి. లెన్స్‌లో చూస్తే మొద్దు ముక్కు, అందులో పాలగింజ. ఆ రోజే కర్రలు తీసేశాను. పక్క చేను ఆయన మాట అప్పుడు నిజమైంది, పిట్ట మాత్రం వేరు.

ఒక్క జాగ్రత్త చెప్పి ముగిస్తా. మన దివిసీమ ఉప్పుగాలి, తేమ లెన్స్‌కి పడవు. సముద్రం దగ్గర నుంచి రాగానే కాస్త తడిపి పిండిన గుడ్డతో బయట తుడవండి, అద్దాన్ని మాత్రం పొడి మెత్తటి గుడ్డతోనే. వానాకాలంలో బీరువాలో పెడితే లోపలి అద్దానికి బూజు పడుతుంది, నా మొదటి లెన్స్ అలాగే పోయింది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్తారు, వినకండి. తవుడు దుమ్ము జూమ్ గొట్టంలోకి దూరుతుంది.