సుద్దకొండలపై నొకనాఁటి నడక

ప్రతిదినము ప్రాతఃకాలమున మనము వాకిళ్లలో ముగ్గు పెట్టుచుందుము. మావారు బడినుండి వచ్చునప్పుడు వారి చొక్కాపై సుద్దపొడి యుండుట నాకు నిత్యదర్శనమే. కాని కొండలకుఁ గొండలే సుద్దయై యుండునని చదువుటయే గాని, వానిని గన్నులారఁ జూతునని యెన్నఁడు ననుకొనలేదు. నా తమ్ముఁడు ఇంగ్లండునందలి బ్రైటన్ పట్టణమున నుద్యోగము చేయుచుండుటచేఁ గడచిన జూలై నెల కడపట నాకా భాగ్యము లభించినది.

బ్రైటనునకు నుత్తరముగా సౌత్ డౌన్సను కొండలవరుస యున్నది. వించెస్టరు మొదలుకొని ఈస్ట్‌బోర్ను వఱకు వీనిమీఁద నూఱుమైళ్ల కాలిబాట గలదు. 2010వ సంవత్సరమునుండి యీ ప్రదేశము జాతీయోద్యానమై యున్నది. మే మా బాటలో డిచ్లింగ్ బీకనను శిఖరమునుండి డెవిల్స్ డైకను లోయ వఱకు అయిదాఱు మైళ్లు నడిచితిమి.

శిఖరము 814 అడుగుల యెత్తు. కొండ యనఁగానే నల్లని బండలను దలఁపరాదు. ఇది యంతయు నునుపైన పచ్చికబయలు. ఉత్తరమున నిలువుగా దిగును. దక్షిణమున మెల్లమెల్లగా సముద్రమువైపు వాలును. పచ్చిక యరిగిన చోటనెల్లఁ దెల్లని సుద్ద బయటఁబడి, ముగ్గుపిండి త్రొక్కినట్లు చెప్పులు తెల్లనాయెను. ఎనిమిదికోట్లకుఁ బైఁబడిన సంవత్సరముల క్రిందట నిచ్చట సముద్రముండెనఁట! కంటి కగపడని జలజీవుల కవచములు దాని యడుగునఁ బేరుకొని యీ సుద్ద యైనది. వాననీరు దీనిలో నింకిపోవునుగాన మీఁద వాగులు లేవు. గొఱ్ఱెలకై పూర్వులు బంకమన్ను మెత్తి నిర్మించిన చిన్నమడుఁగు లక్కడక్కడ నున్నవి.

తలపై నెక్కడనో భరతపక్షి పాడుచుండెను. గొంతు వినఁబడుచున్నది, పక్షి కానరాదు. నేలమీఁద గూడు కట్టుకొను నీ చిన్నప్రాణి యంత యెత్తున కెగసి పాడుట వింతగాఁ దోఁచెను. కొంతదూరమున కెస్ట్రెలను చిన్నడేగ గాలి కెదురుగా ఱెక్క లల్లార్చుచు నొక్కచోటనే నిలిచి, గడ్డిలోని యెలుకల కై చూచుచుండెను. పాదములక్రింద నలిగిన థైమను మొక్క మన వామువలె వాసన గొట్టెను. వాములోని సువాసనద్రవ్యమునకు థైమాలను పేరు దీనివలననే వచ్చినదని తమ్ముఁడు చెప్పెను.

అన్నిటికంటె నన్నాకర్షించినవి నీలిసీతాకోకచిలుకలు. మగవానికి లేతనీలపు ఱెక్కలు, ఆఁడుదానికి గోధుమవన్నెవి. వీని గొంగళిపురుగులు గుఱ్ఱపులాడమువంటి కాయలు గాయు నొక చిక్కుడుజాతి తీగను దప్ప మఱేమియుఁ దినవు. ఆ పురుగు మేనినుండి యూరు తీపిరసమును చీమలు గ్రోలుచు, ప్రతిగా దానిని శత్రువులనుండి కాచుచుండును. గాజుపలక కానినంత సన్నని ఱెక్కలు గల యా ప్రాణికి తీగయుఁ జీమయు రెండును గావలెను!

ఇంతలో గొఱ్ఱెలమంద వచ్చి యా పూలపచ్చికనే మేయసాగెను. నాకుఁ గోపము వచ్చి, “జాతీయోద్యానమని పేరు పెట్టి గొఱ్ఱెలను విడుతురా? తోలివేయరాదా?” యంటిని.

తమ్ముఁడు నవ్వి, “అక్కా! గొఱ్ఱెలు లేనిచో నీ పూలే యుండవు” అని నన్ను కంచె కావలికిఁ గొనిపోయెను. అచ్చట మేఁత లేదు. గడ్డి మోకాలెత్తు పెరిగి ముండ్లపొదలు క్రమ్మియున్నవి. థైము లేదు, తీగ లేదు, సీతాకోకచిలుక యొక్కటియు లేదు.

సుద్దనేల పలుచనిది, సారము తక్కువ. గొఱ్ఱెలు పొడుగుగడ్డిని గొఱుకుచుండుటచేతనే చిన్నమొక్కలకు వెలుతురును, నేలకు వెచ్చఁదనమును లభించును. అట్టిచోట నొక చదరపు మీటరులో నలువదిజాతుల మొక్కలవఱకు నుండుననిన నాశ్చర్యము గాదా? రెండవ ప్రపంచయుద్ధకాలమునను (1939–45) తరువాతను ధాన్యమునకై యీ బయళ్లలోఁ జాలభాగము దున్నివేసిరి. మిగిలినచోట్లఁ గొన్నింట గొఱ్ఱెలమేఁత తగ్గెను. 1953లో మిక్సొమటోసిసను తెగులు వచ్చి, గడ్డిని గొఱుకు కుందేళ్లును విస్తారముగా నశించెను. పొదలు పెరిగెను, పూలు పోయెను. అందుచేతనే యిప్పుడు బుద్ధిపూర్వకముగ మందలను మేపుచున్నారు.

కాపాడుట యనఁగా ముట్టకుండుట యని యంతవఱకు నా యభిప్రాయము. తిరుగుప్రయాణమున నా మనస్సు మా యింటి బీరువామీఁదికిఁ బోయెను. మా తండ్రిగారు నాకుఁ జదువుచెప్పిన భాగవతమును, పవిత్రవస్తువని, పట్టుగుడ్డలోఁ గట్టి పదేండ్లుగాఁ దాఁకక యుంచితిని. ఇల్లు చేరి విప్పి చూడఁగాఁ బురుగులు పెక్కు పుటలను దొలిచియుండెను. మిగిలిన పుటలు చదువ శక్యముగా నున్నవి. ఇప్పుడు ప్రతిసాయంకాలము దానిని మా యమ్మాయిచేఁ గొంచెము కొంచెము చదివించుచున్నాను.