క్రీడా సంఘం – స్థానిక సమాజం: క్రాస్‌మగ్లెన్ రేంజర్స్ గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్ ఏ పునాదిపై నిర్మితమైందో వివరించగలుగుతారు.
- క్రాస్‌మగ్లెన్ మైదానం వివాదానికి కారణాలను, పర్యవసానాలను చెప్పగలుగుతారు.
- ఒక స్థానిక సంఘం ఎవరిని కలుపుకొంటుంది, ఎవరిని దూరంగా ఉంచుతుంది అనే అంశాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఉత్తర ఐర్లాండ్‌లోని ఆర్మా కౌంటీకి దక్షిణ కొసన, ఐర్లాండ్ రిపబ్లిక్ సరిహద్దుకు అతి దగ్గరలో క్రాస్‌మగ్లెన్ అనే చిన్న పట్టణం ఉంది. 2011 జనగణన నాటికి అక్కడి జనాభా సుమారు 1,600. ఇంత చిన్న పట్టణానికి చెందిన గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్ 1997 నుంచి 2012 వరకు ఆరుసార్లు అఖిల ఐర్లాండ్ క్లబ్ ఛాంపియన్‌గా నిలిచింది. దీనికి మరొక ప్రత్యేకత కూడా ఉంది. 1970వ దశకం నుంచి ఈ క్లబ్ మైదానాన్ని ఆనుకొని బ్రిటిష్ సైన్యపు స్థావరం ఉండేది. క్లబ్ భూమిలో కొంత భాగం సైన్యం అధీనంలోకి వెళ్లింది. సభ్యుల శ్రమపై ఆధారపడి నడిచే ఒక సంఘం ఇటువంటి పరిస్థితిలో ఎలా నిలిచిందో, అది ఎవరి తరఫున నిలిచిందో ఈ పాఠంలో తెలుసుకొందాం.

2. ఆట, సంఘం

గేలిక్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టుకు 15 మంది ఆటగాళ్లు ఉంటారు. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. గోల్ స్తంభాలు ఆంగ్ల అక్షరం 'హెచ్' ఆకారంలో ఉంటాయి. బంతిని అడ్డకడ్డీ మీదుగా పంపితే ఒక పాయింటు, కడ్డీ కింద వలలోకి పంపితే గోల్ వస్తుంది. ఒక గోల్ మూడు పాయింట్లకు సమానం. 2025లో వచ్చిన కొత్త నియమం ప్రకారం 40 మీటర్ల చాపరేఖ బయటి నుంచి కడ్డీ మీదుగా పంపితే రెండు పాయింట్లు ఇస్తారు.

ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబరు 1న టిప్పరరీ కౌంటీలోని థర్లస్ పట్టణంలో ఏర్పడింది. మైకేల్ క్యూసాక్, మారిస్ డావిన్ దాని స్థాపకులలో ముఖ్యులు. బ్రిటిష్ పాలనలో ఆంగ్ల క్రీడలు వ్యాపిస్తున్న సమయంలో దేశీయ క్రీడలను కాపాడుకోవడం దాని ఆశయం. కనుక ఈ సంఘం మొదటి నుంచి కేవలం క్రీడా సంస్థ కాదు. ఐరిష్ జాతీయ భావనతో ముడిపడిన సంస్థ. 1921లో ఐర్లాండ్ రెండుగా విడిపోయినా ఈ సంఘం విడిపోలేదు. సరిహద్దుకు ఇరువైపులా ఉన్న 32 కౌంటీలకూ అదే సంఘం కొనసాగింది.

క్లబ్ నిర్మాణంలో రెండు లక్షణాలను మీరు గమనించాలి.

అ) స్థానికత: సాధారణంగా ఒక పారిష్‌కు, అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతానికి, ఒక క్లబ్ ఉంటుంది. ఆటగాడు తాను పుట్టి పెరిగిన చోటి క్లబ్‌కే ఆడతాడు. డబ్బిచ్చి ఆటగాళ్లను కొనే పద్ధతి ఇక్కడ లేదు.

ఆ) స్వచ్ఛందత: ఆటగాళ్లకు జీతాలు లేవు. అఖిల ఐర్లాండ్ ఫైనల్‌లో ఆడినవారు కూడా తరువాత తమ ఉద్యోగానికో, వ్యవసాయానికో, చదువుకో తిరిగి వెళతారు. పిల్లలకు శిక్షణ, మైదానం నిర్వహణ, చందాల సేకరణ వంటి పనులలో అధిక భాగం సభ్యులే చేస్తారు.

ఈ రెండింటి వల్ల క్లబ్ విజయం ఊరి విజయంగా, క్లబ్ నష్టం ఊరి నష్టంగా మారుతుంది.

3. క్రాస్‌మగ్లెన్ రేంజర్స్: మైదానం వివాదం

క్రాస్‌మగ్లెన్ రేంజర్స్ క్లబ్ 1887లో, అంటే మాతృసంఘం ఏర్పడిన మూడేళ్లకు, ప్రారంభమైంది. దాని మైదానానికి సెయింట్ ఆలివర్ ప్లంకెట్ పేరు పెట్టారు. ఆయన ఆర్మా ఆర్చిబిషప్. 1681లో లండన్‌లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. మైదానం పేరులోనే స్థానికుల మతం, చరిత్ర రెండూ కనిపిస్తాయి.

1960వ దశకం చివర ఉత్తర ఐర్లాండ్‌లో హింస మొదలైంది. బ్రిటన్‌లోనే కొనసాగాలనే యూనియనిస్టులు (ఎక్కువగా ప్రొటెస్టెంట్లు), ఐక్య ఐర్లాండ్ కోరే నేషనలిస్టులు (ఎక్కువగా కాథలిక్కులు) రెండు వర్గాలుగా ఉన్నారు. 1969లో బ్రిటిష్ సైన్యం రంగంలోకి దిగింది. దక్షిణ ఆర్మా ప్రాంతం ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీకి బలమైన కేంద్రం. ఆ సంఘర్షణ కాలంలో ఈ ప్రాంతంలో వందమందికి పైగా సైనికులు మరణించారు. రోడ్లలో బాంబులు అమర్చే ప్రమాదం ఉండటంతో సైన్యం రాకపోకలకు హెలికాప్టర్ల మీద ఆధారపడింది. పట్టణంలోని పోలీసు స్టేషన్‌ను ఆనుకొని ఉన్న స్థావరం విస్తరించింది. దాని పొరుగునే ఫుట్‌బాల్ మైదానం ఉండటం క్లబ్‌కు సమస్య అయింది.

సైన్యం దృష్టిలో అది భద్రతకు అవసరమైన స్థలం. క్లబ్ దృష్టిలో అది సభ్యులు తమ శ్రమతో నిలబెట్టుకొన్న ఆట స్థలం. ఆట జరుగుతుండగా తలపై హెలికాప్టర్లు ఎగిరేవి. పక్కనే కావలి బురుజులు ఉండేవి. అయినా క్లబ్ మైదానాన్ని వదలి వేరొక చోటికి పోలేదు. భూమి తిరిగి ఇవ్వాలని అడుగుతూనే అక్కడే ఆడింది. అందువల్ల ప్రతి ఆదివారం జరిగే మామూలు మ్యాచ్ కూడా 'ఈ నేల మాది' అనే ప్రకటన అయింది. ఐర్లాండ్ అంతటా ఉన్న క్లబ్‌లకు క్రాస్‌మగ్లెన్ మైదానం ఒక ఉమ్మడి సమస్యగా మారింది.

1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంతో పరిస్థితి మారసాగింది. 1999లో క్లబ్ భూమిని తిరిగి అప్పగించే నిర్ణయం వెలువడింది. 2007 జులై 31తో ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ సైనిక చర్య అధికారికంగా ముగిసింది.

4. విజయాలు

క్లబ్ తన మొదటి అఖిల ఐర్లాండ్ టైటిల్‌ను 1997లో గెలిచింది. అప్పటికి స్థావరం అక్కడే ఉంది, భూమి తిరిగి రాలేదు. తరువాత 1999, 2000, 2007, 2011, 2012 సంవత్సరాలలో మళ్లీ గెలిచింది. ఆర్మా కౌంటీ స్థాయిలో 1996 నుంచి 2008 వరకు వరుసగా 13 సార్లు విజేత.

మొదటి మూడు జాతీయ విజయాలకు శిక్షకుడు జో కెర్నన్. ఆయన ఇదే క్లబ్ ఆటగాడు; 1977 అఖిల ఐర్లాండ్ ఫైనల్‌లో డబ్లిన్ చేతిలో ఓడిన ఆర్మా జట్టులో ఆడారు. తరువాత ఆయన శిక్షణలోనే ఆర్మా కౌంటీ జట్టు 2002లో కెర్రీని ఓడించి, చరిత్రలో మొదటిసారి అఖిల ఐర్లాండ్ విజేత అయింది. ఆ ఫైనల్‌లో పెనాల్టీ చేజార్చుకొని, రెండో అర్ధభాగంలో గోల్ చేసిన ఒషీన్ మెక్‌కాన్‌విల్ కూడా క్రాస్‌మగ్లెన్ ఆటగాడే. చిన్నప్పటి నుంచి ఒకే మైదానంలో కలిసి పెరిగిన ఆటగాళ్లు, తమలోంచే వచ్చిన శిక్షకుడు – ఇవి పై విభాగంలో చెప్పిన స్థానికత ఇచ్చిన బలం.

సైనిక స్థావరం వల్లనే ఈ విజయాలు వచ్చాయని అనడం తొందరపాటు. సంఘర్షణ నడిచిన పాతికేళ్లకు పైగా క్లబ్‌కు ఒక్క జాతీయ టైటిలూ రాలేదు. అయితే కష్టకాలంలో క్లబ్ చెదరకుండా ఉండటం వల్లనే, ఆ తరువాతి తరానికి ఆడేందుకు మైదానమూ నేర్పేందుకు పెద్దలూ మిగిలారు.

5. సంఘం పరిమితులు

ఏ సంఘాన్నైనా అధ్యయనం చేసేటప్పుడు దానిలో ఎవరున్నారు అనే ప్రశ్నతోపాటు ఎవరు లేరు అనే ప్రశ్న కూడా వేయాలి. గేలిక్ క్రీడల సంఘపు 21వ నియమం ఉత్తర ఐర్లాండ్ పోలీసులకు, బ్రిటిష్ సైనికులకు సభ్యత్వాన్ని నిషేధించింది. క్రాస్‌మగ్లెన్ వంటి చోట ఈ నియమం ఆత్మగౌరవానికి గుర్తు. కాని పోలీసు ఉద్యోగంలో చేరాలనుకొనే కాథలిక్ యువకుడికి అదే నియమం తన ఆటకు, తన ఊరికి దూరం చేసే అడ్డుగోడ. చాలామంది ప్రొటెస్టెంట్ల దృష్టిలో ఆ సంఘం తమది కాదనడానికి అదొక నిదర్శనం.

2001 నవంబరులో కొత్త పోలీసు వ్యవస్థ ఏర్పడిన కొద్ది రోజులకే ఈ నియమాన్ని రద్దు చేశారు. ఉత్తర ఐర్లాండ్‌లోని ఆరు కౌంటీలలో డౌన్ కౌంటీ మాత్రమే రద్దును సమర్థించింది. సంఘర్షణ భారాన్ని ఎక్కువగా మోసినవారికి మార్పును అంగీకరించడం ఎంత కష్టమో ఇది తెలుపుతుంది. ఒక సంఘాన్ని దృఢంగా నిలిపిన ఐక్యతే, ఇతరులకు తలుపు తెరవడానికి ఆటంకం కావచ్చు.

6. సారాంశం

క్రాస్‌మగ్లెన్ రేంజర్స్ స్థానికత, స్వచ్ఛంద శ్రమ అనే రెండు పునాదులపై నిలిచిన క్లబ్. దాని మైదానంపై వచ్చిన వివాదం ఆటను భూమి, అధికారం, గుర్తింపులతో ముడిపెట్టింది. క్లబ్ తన స్థలాన్ని వదలకుండా ఆడుతూ రావడం సమాజాన్ని కలిపి ఉంచింది. అదే సమయంలో ఈ సంఘం ప్రధానంగా ఒక వర్గానికి చెందినదని, శాంతి వచ్చిన తరువాత తన సరిహద్దులను తానే పునరాలోచించుకోవలసి వచ్చిందని మనం గ్రహించాలి.

7. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గేలిక్ ఫుట్‌బాల్ క్లబ్ ముఖ్య లక్షణాలు రెండింటిని తెలపండి.
2. క్రాస్‌మగ్లెన్ మైదానాన్ని సైన్యం, క్లబ్ ఏయే దృష్టులతో చూశాయి?
3. 21వ నియమం రద్దును సమర్థిస్తూ ఒక వాదన, వ్యతిరేకిస్తూ ఒక వాదన రాయండి.
4. మీకు తెలిసిన ఒక స్వచ్ఛంద సంఘాన్ని తీసుకొని, అందులో ఎవరికి చోటుందో, ఎవరికి లేదో 15 పంక్తులలో విశ్లేషించండి.